తీతువు లేని అడవి

ఊఁ కొడతామంటేనే చెబుతాను. కొట్టకపోతే ఇక్కడే ఆపేసి నా పని నేను చూసుకుంటాను. ఊఁ ఎందుకు కొట్టాలి అని అడగొద్దు, కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది. ఇంకో మాట. ఇది నవ్వుకునే కథ కాదు. మధ్యలో ఏడుపొస్తే ఏడవండి, నేనేమీ అనను.

అనగనగా ఒక అడవిలో ఎవరికీ కంటినిండా నిద్ర ఉండేది కాదు.

ఎందుకంటే ఆ అడవిలో ఒక పులి ఉండేది. ఒక్కటే పులి. కానీ అది ఎటునుంచి వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని దుప్పుల మందలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. చీకటి పడ్డాక అందరూ పడుకున్నా, ఒకరు మాత్రం నిలబడే ఉండాలి. ఒకరి తర్వాత ఒకరికి వంతు వచ్చేది. నిలబడ్డవాళ్ళు ఉండుండి ముందుకాలు నేలకేసి టప్‌మని కొట్టాలి. పడుకున్నవాళ్ళు ఆ చప్పుడుకి చెవి కదపాలి. ‘నేనున్నాను, నువ్వున్నావా’ అని అడిగినట్టు. ‘ఉన్నాను’ అని జవాబు చెప్పినట్టు. ఎవరి చెవి కదలకపోతే వాళ్ళని మూతితో పొడిచి లేపేసేవాళ్ళు. తిట్టుకుంటూనే లేచేవాళ్ళు అనుకోండి.

మంద పడుకునే చోటికి పక్కనే రాళ్ళనేల ఉండేది. అక్కడ ఒక తీతువు పిట్ట కాపురం. తీతువు తెలుసుగా? పొడుగాటి పసుపు కాళ్ళు, కళ్ళ దగ్గర ఎర్రటి తోలు. అది చెట్టు మీద గూడు కట్టదు. గులకరాళ్ళ మధ్య నేలమీదే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కూడా చూడ్డానికి గులకరాళ్ళలాగే ఉంటాయి. అందుకని పాపం దానికి ఎప్పుడూ భయమే. ఆకు కదిలినా అరుస్తుంది, పురుగు పాకినా అరుస్తుంది. ఆ గొంతు వినసొంపుగా ఉంటుందా అంటే, ఉండదు. చెవులు చిల్లులు పడతాయి.

దుప్పులకీ తీతువుకీ మధ్య ఒప్పందం అంటూ ఏమీ లేదు. మంద నీళ్ళకి వెళ్ళేటప్పుడు ముందు నడిచేవాళ్ళు రాళ్ళనేల దగ్గర ఆగి, “గుడ్లున్నాయ్, పక్కగా రండి” అని వెనక్కి చెప్పేవాళ్ళు. ఆ మాట వరసలో చివరిదాకా పోయేది. అందరూ చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళు. తీతువు తన గుడ్ల కోసం అరిచే అరుపు మందకి కూడా పనికొచ్చేది. తాతల కాలం నుంచీ అలాగే సాగుతోంది.

ఊఁ అనండి మరి. ఆఁ, అలా.

ఆ మందలో రేగి అని ఒక దుప్పి ఉండేది. దాని మొదటి పిల్లని పులి ఎత్తుకుపోయింది. రెండో పిల్ల వానల్లో జ్వరమొచ్చి పోయింది. మూడోది ఆడపిల్ల. ఇప్పచెట్టు కింద, పూలు రాలుతున్న పొద్దున పుట్టింది కాబట్టి ఇప్పి అని పేరు పెట్టుకుంది. ఇప్పికి ఒక అలవాటు. తల్లి చెవి నోట్లో పెట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. పాలు తాగడం అయిపోయాక కూడా ఆ చెవిని చప్పరిస్తూ పడుకునేది. రేగి చెవి ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది. “వదినా, నీ చెవి మీద వాన పడిందా?” అని తీతువు ఆటపట్టించేది. “పడింది వదినా, మా ఇంట్లో రోజూ వానే” అని రేగి నవ్వేది.

కానీ పసిపిల్ల తల్లికి అలసట ఎంతుంటుందో మీ అమ్మనడగండి. పగలంతా పాలు. రాత్రి కాపలా. ఒకనాడు పొద్దుగుంకే వేళకి కాపలా వంతు రేగిది. మంద ఒక్కొక్కటే పడుకుంటోంది. రేగి నిలబడింది గానీ కళ్ళు మూతలు పడుతున్నాయి. అప్పుడు తునికి చెట్టు కొమ్మ మీంచి మెత్తటి గొంతు వినిపించింది.

“చెల్లెమ్మా, బాగా అలిసిపోయినట్టున్నావే.”

రేగి తలెత్తి చూసింది. ఒక గబ్బిలం తలకిందులుగా వేలాడుతోంది. పండ్లు తినే గబ్బిలం కాదు. ముక్కు చప్పిడిగా ఉంది, పెదవి కింద సన్నటి పళ్ళు రెండు మెరుస్తున్నాయి.

“అలిసిపోతే ఏం చేస్తాం అన్నా, కాపలా నాది” అంది రేగి.

“నీ కాపలా నేను కాస్తాను. మేం ఎలాగూ రాత్రంతా మేలుకునే ఉంటాం. నువ్వు హాయిగా పడుకో.”

“ఊరికే ఎవరైనా కాస్తారా?”

“ఊరికే కాదులే. ఒక్క చుక్క నెత్తురు. దోమ తాగేంత. నీకు తెలియను కూడా తెలియదు. పాలు తాగే పిల్లల జోలికి మాత్రం మేం రాం చెల్లెమ్మా. అది మా నియమం.”

రాళ్ళనేల మీంచి తీతువు ఈ మాటలన్నీ వింటోంది. గబగబా నడుచుకుంటూ వచ్చింది.

“వదినా, వద్దు. వాడు నిద్రపోయేవాళ్ళ ఒంటిమీదే వాలతాడు. మేలుకున్నవాళ్ళ దగ్గరికి రావడానికి వాడికి ధైర్యం చాలదు. నీ నిద్ర వాడికెందుకు కావాలో కాస్త ఆలోచించు.”

“నీకేం వదినా, నువ్వు పుట్టిందే మేలుకోవడానికి. నా ఒళ్ళు హూనమైపోయింది. ఒక్కరోజుకి ఏం కాదులే.”

ఇక్కడ రేగిని తిట్టకండి. మీరే అయితే ఏం చేసేవాళ్ళో నాకు తెలుసు. రేగి పడుకుంది. ఇప్పి వచ్చి చెవి అందుకుంది. గబ్బిలం కిందికి దిగి రెక్కలతో మెల్లగా విసరడం మొదలుపెట్టింది. అమ్మ విసనకర్రతో విసిరితే ఎలా ఉంటుందో అలా చల్లటి గాలి. ఆ గాలికి రేగి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. తెల్లారి లేచి చూసుకుంటే మడమ పైన ఆవగింజంత మచ్చ ఉంది. నొప్పి లేదు, దురద లేదు. ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయింది కదా, దానికి లోకమంతా కొత్తగా కనిపించింది.

ఇక చెప్పాలా? మర్నాడు పక్క దుప్పి అడిగింది, “నీ మొహం అంత తేటగా ఉందేమిటే?” అని. రేగి చెప్పేసింది. ఆ సాయంత్రం ఆ దుప్పి కూడా తన వంతు గబ్బిలానికి ఇచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి. మందకి పెద్ద కొమ్ముల తాత. ఆయన మొదట్లో, “మన కాపలా ఇంకొకరు కాయడమేమిటి, సిగ్గు లేదా” అని గసిరాడు. కానీ ఆయనకి కీళ్ళనొప్పులు. ఒక ముసురు పట్టిన సాయంత్రం ఆయన కూడా చడీచప్పుడు లేకుండా పడుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అడవంతా ఒక వింత కబురు పాకింది. పులి చచ్చిపోయిందట. నమ్మలేక అందరూ వెళ్ళి చూశారు. వాగు ఒడ్డున పులి పడుంది. దెబ్బ లేదు, గాయం లేదు. ఒళ్ళంతా ఆవగింజంత మచ్చలు. లోపల ఏమీ లేదు, పైన తోలు మాత్రం ఉంది. పగలు బాగా తిని నిద్రపోయిందేమో పాపం, దాన్ని లేపేవాళ్ళు ఎవరున్నారు?

దుప్పులు గెంతాయి. కుందేళ్ళు పల్టీలు కొట్టాయి. రేగి తన మొదటి పిల్లని తలుచుకుని ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

తీతువు ఒక్కటే ఆ తోలు చుట్టూ తిరిగి తిరిగి చూసింది. “పులినే ఇలా చేసినవాళ్ళకి మనమొక లెక్కా?” అంది.

“నీ నోట ఒక్క మంచిమాట రాదా?” అని అందరూ విసుక్కున్నారు.

ఆ సాయంత్రమే గబ్బిలాలకి పట్టాభిషేకం. మొదట రేగి దగ్గరికొచ్చిన గబ్బిలమే రాజయ్యాడు. చీకటిదొర అని పేరు పెట్టుకున్నాడు. కొమ్ముల తాత కొమ్ములే ఆయనకి సింహాసనం. దొర అక్కడ తలకిందులుగా వేలాడుతున్నాడు కదా, ఆయన మొహం చూడాలంటే అందరూ తలలు బాగా కిందికి వంచాల్సి వచ్చింది. అలా వంచి వంచి అదే దండం పెట్టడమైపోయింది. మొన్నటిదాకా ‘అన్నా’ అని పిలిచిన రేగి కూడా ఆ పూట ‘దొరవారూ’ అంది. తనకి తెలియకుండానే అనేసింది.

దొర మూడు ఆజ్ఞలు వేశాడు. పొద్దుగుంకాక ఎవరూ నిలబడకూడదు. కాలు నేలకేసి కొట్టకూడదు. నిద్రపోయేవాళ్ళని లేపకూడదు.

“మీ సుఖం కోసమే చెబుతున్నాను” అన్నాడు. అందరూ తలలూపారు.

పులి పోయాక ఇక కాపలా దేనికి అని మీకు అనిపించిందా? భేష్. వాళ్ళలో ఒక్కరికీ ఆ మాట తోచలేదు. బాగా నిద్రపోయేవాళ్ళకి తోచదు.

మొదట్లో ఒక్క చుక్క అన్నారు కదా. గబ్బిలాలు పెరిగాయి, చుక్కలూ పెరిగాయి. పొద్దున్నే లేచేసరికి దుప్పులకి తల తిరిగేది. గడ్డి దాకా నడవాలంటే ఆయాసం వచ్చేది. ముసలివాళ్ళు ఒక్కొక్కరే లేవడం మానేశారు. “వయసైపోయింది పాపం” అనుకునేవాళ్ళు. పొదల కింద అక్కడక్కడ ఖాళీ తోళ్ళు కనిపించేవి. అటు చూడకుండా నడవడం అందరూ నేర్చుకున్నారు.

ఒకరోజు ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన ఒక కొంగ వాగులో దిగింది. దాన్ని రేగి అడిగింది.

“కొంగమ్మా, నువ్వు దేశాలు తిరుగుతావు కదా. గబ్బిలాల ఏలుబడి లేని చోటు ఎక్కడైనా ఉందా?”

కొంగ ముక్కుతో ఎదురు కొండ చూపించింది. “ఆ కొండ దాటాను. ఏరు దాటాను. సముద్రం ఒడ్డుకీ వెళ్ళాను. అన్నిచోట్లా వాళ్ళే. మనుషుల పశువుల పాకల్లో కూడా వాళ్ళే వేలాడుతున్నారు. లోకమంతా వాళ్ళదే అయిపోయింది తల్లీ. అన్నిచోట్లా మీలాగే ముందు బాగా నిద్రపోయారు” అంది. అని, ఆ నీళ్ళు కూడా తాగకుండా ఎగిరిపోయింది.

కానీ గబ్బిలాలకి ఒక బెడద మిగిలింది. అదే తీతువు. దొర సైన్యం సాయంత్రం కిందికి దిగగానే తీతువు గొంతెత్తేది. ఆ అరుపుకి ఎవరో ఒకరు ఉలిక్కిపడి లేచేవాళ్ళు, తోక విదిలించేవాళ్ళు, గబ్బిలాలు పైకి లేచిపోయేవి. ఆ పిట్టని చంపుదామంటే అది నిద్రపోదు. నిద్రపోనివాళ్ళని గబ్బిలాలు ఏమీ చెయ్యలేవు. అందుకని దొర రేగిని పిలిచాడు.

“చెల్లెమ్మా, ఆ పిట్ట అరుపుకి మీ ఇప్పి ఉలిక్కిపడుతోంది. చూశావా? పసిపిల్లకి నిద్ర చెడితే ఎదుగుతుందా? తీతువు కూత చావు కబురని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? అది అరిచిన రోజే కదా ఎవరో ఒకరు పోతున్నారు.”

పాపం అదీ నిజమే. అది అరిచిన రోజు ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. అది అరవని రోజు లేదు కాబట్టి.

“నన్నేం చెయ్యమంటారు దొరవారూ?” అంది రేగి.

“నువ్వేమీ చెయ్యొద్దు. రేపు మందని నీళ్ళకి తీసుకెళ్ళేది నువ్వే కదా. ఊరికే తిన్నగా నడువు, చాలు.”

పొద్దున్నే రేగి ముందు నడిచింది. తల దిమ్ముగా ఉంది. రాళ్ళనేల వచ్చింది. గుడ్లు ఎక్కడున్నాయో దానికి బాగా తెలుసు. అక్కడ ఆగాలి. “గుడ్లున్నాయ్, పక్కగా రండి” అనాలి. ఆగలేదు. అనలేదు. తిన్నగా నడిచింది. వెనక మంద మొత్తం దాని అడుగుల్లోనే నడిచింది.

తీతువు అడ్డంగా పరుగెత్తింది. రెక్కలు చాచింది. “వదినా, నా పిల్లలు, నా పిల్లలే” అంటూ ఒక్కొక్కరి కాళ్ళ దగ్గరికీ వెళ్ళింది. మంద దాటిపోయాక రాళ్ళ మధ్య పచ్చటి సొన మిగిలింది. రేగి వెనక్కి తిరిగి చూడలేదు. దాని గిట్ట మాత్రం ఆ రోజంతా జిగటగా ఉంది, ఎన్నిసార్లు గడ్డికి రాసినా పోలేదు.

ఆ సాయంత్రం తీతువు కొండవాలుకి వెళ్ళిపోయింది. అడవి నిశ్శబ్దమైపోయింది. అందరూ ఎంత బాగా నిద్రపోయారో చెప్పలేను.

ఊఁ కొట్టండి. ఆపేశారేం? నాకూ ఆపేయాలనే ఉంది. అయినా కొట్టండి.

నెత్తురు తగ్గితే పాలెక్కడి నుంచి వస్తాయి? రేగి పొదుగు ఎండిపోయింది. ఇప్పి కాసేపు గింజుకుని, ఆకలికి తట్టుకోలేక, ఒకరోజు గరిక కొరికింది. పళ్ళు ఇంకా సరిగ్గా రాలేదు, సగం ఉమ్మేసింది. మర్నాడు పొద్దున రేగి దాని ఒళ్ళు నాకుతుంటే మెడ దగ్గర నాలుకకి ఏదో తగిలింది. ఆవగింజంత మచ్చ.

రేగి పరుగెత్తుకుంటూ దొర దగ్గరికి వెళ్ళింది. పగటిపూట ఆయన గుహలో వేలాడుతున్నాడు. రేగి తల నేలకి ఆనించింది.

“దొరవారూ, మాటిచ్చారు. పాలు తాగే పిల్లల జోలికి రామన్నారు.”

“అన్నాను. పాలు తాగే పిల్లలనే అన్నాను. మీ ఇప్పి మొన్న గరిక తిన్నదిగా చెల్లెమ్మా? మావాళ్ళు చూశారు.”

“పాలు లేక తిన్నది. నా పాలు ఎందుకు పోయాయో మీకు తెలియదా?”

దొర ఒక కన్ను తెరిచాడు. “నీకు నిద్ర బాగా పడుతోంది కదా?” అని మెత్తగా అడిగి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

పారిపోదామంటే లోకమంతా వాళ్ళదే. పోట్లాడదామంటే ఒంట్లో సత్తువ లేదు. రేగికి ఒక్కటే దారి తోచింది. తను మేలుకుని ఉండాలి. తల్లి మేలుకుని ఉంటే పిల్ల మీద వాలడానికి వాళ్ళకి ధైర్యం చాలదు. ఇంతే కదా అనుకుంది. ఒకప్పుడు రాత్రంతా నిలబడినదాన్నే కదా అనుకుంది.

ఆ సాయంత్రం రేగి వాగులో మోకాలి లోతు చల్లటి నీళ్ళలో నిలబడింది. ఇప్పిని ఒడ్డునే, మూతికి అందేంత దగ్గరగా పడుకోబెట్టుకుంది. పొద్దుగుంకింది. మెల్లగా గాలి వీచింది. ఆ గాలి రేగికి బాగా తెలుసు, ఎన్నో రాత్రులు దాని కిందే పడుకుంది. తెల్లవారేసరికి రేగి ఒడ్డున పడుంది. ఎప్పుడు పడిందో దానికే తెలియదు. ఇప్పి మెడ మీద ఇంకో మచ్చ ఉంది.

రెండోనాడు ముళ్ళకంప లాక్కొచ్చి, నిద్రొచ్చి ఒరిగితే గుచ్చుకునేలా తన చుట్టూ పరుచుకుంది. గాలి వీచింది. తెల్లారి లేచేసరికి ముళ్ళు డొక్కలో దిగి విరిగిపోయున్నాయి. అంత గుచ్చుకున్నా దానికి మెలకువ రాలేదు. మెలకువ అంటే ఏమిటో ఒళ్ళే మరిచిపోయింది. ఆ పూట ఇప్పి లేచి నిలబడబోయి కూలబడింది. మళ్ళీ లేచి, “అమ్మా, నేల ఊగుతోంది” అంది.

మూడోనాడు రేగి ఇప్పిని వెంటబెట్టుకుని కొండవాలుకి వెళ్ళింది. ఇప్పి నాలుగడుగులు వేస్తే కూర్చునేది. రేగి మూతితో నెట్టుకుంటూ నడిపించింది. తీతువు ఒక బండ పక్కన ఒంటికాలి మీద నిలబడుంది. రేగిని చూసి ఎగిరిపోలేదు.

“వదినా” అంది రేగి. తల వంచింది. ఈసారి దొరకి వంచినట్టు కాదు.

తీతువు ఇప్పి మెడ వైపు చూసింది. “నా పిల్లలు కళ్ళు కూడా తెరవలేదు వదినా” అంది.

“తెలుసు. నేనే తొక్కాను. తెలిసే తొక్కాను. నన్ను క్షమించొద్దు. ఈ పిల్ల కోసం ఒక్కసారి రా. నువ్వు అరిస్తే నేను లేస్తాను.”

“అరవడం నా చేతిలో పని. వస్తాను. లేవడం మాత్రం నీ చేతిలో పని వదినా. లేవగలవా?”

“లేస్తాను” అంది రేగి.

సాయంత్రం తీతువు వచ్చి పాత రాళ్ళనేల మీద నిలబడింది. మంద దాన్ని చూసి ముక్కు విరిచింది. రేగి పడుకోకుండా కాళ్ళు బిగబట్టి నిలబడింది. ఇప్పి దాని పక్కన ఒదిగి, “అమ్మా, చెవి” అంది. అడిగితే కాదంటుందా? రేగి తల వంచి చెవి అందించింది. పిల్ల చెవి అందుకోవాలంటే తల్లి కాస్త వంగాలి కదా. వంగాక కాస్త కూర్చోవాలి కదా. మెల్లగా గాలి వీచింది.

తెల్లవారింది. రేగికి మెలకువ వచ్చింది. ఒళ్ళు తేలిగ్గా ఉంది, బాగా నిద్రపట్టింది. ఎదురుగా తీతువు ముక్కు తెరుచుకుని నిలబడుంది. దాని గొంతులోంచి చప్పుడు రావడం లేదు. రాత్రంతా అరిచి అరిచి ఆ గొంతు పోయింది. ఎర్రటి కళ్ళతో రేగినే చూస్తోంది.

రేగి పక్కకి తిరిగింది. ఇప్పి ఉంది. చల్లగా ఉంది. మూతితో కదిపితే ఎండుటాకులా కదిలింది, బరువే లేదు. రేగి నాకింది. మెడ నాకింది, కళ్ళు నాకింది. లేవమంది.

అప్పుడు చెవి చుర్రుమంది. ఎప్పుడూ తడిగా ఉండే చెవి ఆ పొద్దున మంటగా ఉంది. రేగి వాగుకి వెళ్ళి నీళ్ళలోకి చూసుకుంది. చెవి అంచు చిరిగి ఉంది. చిన్న చిన్న పళ్ళ గాట్లు, ఒకదాని పక్కన ఒకటి, చెవి పొడుగునా ఉన్నాయి.

ఇప్పి ఆ రాత్రి చెవి చప్పరించలేదర్రా. లాగింది. అమ్మని లేపడానికి, ఆ రాని పళ్ళతో పట్టుకుని లాగింది. పిట్ట ఎదుట నిలబడి పిలిచింది, పిల్ల పక్కనుంచి పిలిచింది, తల్లి లేవలేదు.

ఉండండి, నీళ్ళు తాగనివ్వండి.

ఆ రోజు నుంచి రేగికి నిద్ర రాలేదు. ఎంత గాలి విసిరినా రాలేదు. కావాల్సిన రాత్రి రాని మెలకువ, ఇక దేనికీ అక్కర్లేనప్పుడు వచ్చి కూర్చుంది. చీకటిదొర ఎన్నిసార్లు కొమ్మ మీదికి వచ్చి చూశాడో. రేగి కళ్ళు తెరిచే ఉండేవి. దొర కిందికి దిగలేకపోయాడు. దొర ఆజ్ఞ ఉందే, పొద్దుగుంకాక నిలబడకూడదని? రేగి నిలబడింది. ఆజ్ఞ తప్పినదాన్ని గబ్బిలాలు ఏం చేశాయనుకుంటున్నారు? ఏమీ చెయ్యలేదు. ఎప్పుడూ ఏమీ చెయ్యలేకపోయేవి. ఆ సంగతి తెలుసుకోవడానికి రేగి తన పిల్లనే పోగొట్టుకోవాల్సి వచ్చింది.

నిలబడి, ముందుకాలు నేలకేసి టప్‌మని కొట్టింది. ఒక్క చెవి కూడా కదల్లేదు.

మళ్ళీ కొట్టింది. “పడుకో రేగీ, పిల్ల పోయిన బాధలో మతి పోయింది నీకు. మా నిద్రలెందుకు పాడుచేస్తావ్?” అని కొమ్ముల తాత గొణిగాడు. ఒకప్పుడు తీతువుని తిట్టిన మాటలే ఇప్పుడు అందరూ రేగిని తిట్టారు. ఆ మాటలు తనూ అన్నవే.

ప్రతి సాయంత్రం రేగి రాళ్ళనేల అంచున నిలబడేది. ఇటు రేగి, అటు గొంతు పోయిన తీతువు. తీతువు అరవలేకపోయేది కాబట్టి రేగి కాలు కొట్టేది. వాళ్ళిద్దరూ మళ్ళీ వదినా అని పిలుచుకున్నారో లేదో నాకు తెలియదు. తీతువు గుడ్లు పెట్టే కాలం మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం, పొద్దున్నే మంద నీళ్ళకి పోతుంటే, రేగి వెళ్ళి ఆ రాళ్ళకి అడ్డంగా నిలబడేది. “గుడ్లున్నాయ్, పక్కగా వెళ్ళండి” అనేది. తిట్టుకుంటూనే పక్కగా వెళ్ళేవాళ్ళు.

గబ్బిలాల రాజ్యం పోయిందా అంటారా? పోలేదు. నేను అబద్ధం చెప్పను. కానీ ఒక సాయంత్రం రేగి కాలు కొట్టినప్పుడు, మంద చివర్లో, కడుపుతో ఉన్న ఒక పడుచు దుప్పి చెవి కదిలింది. గాలికి కదిలిందేమో అనుకుని రేగి ఇంకోసారి కొట్టింది. మళ్ళీ కదిలింది.

రేగి చిరిగిన చెవి కూడా కదిలింది.

అయిపోయింది కథ. ఊఁ ఎందుకు కొట్టమన్నానో ఇప్పుడు తెలిసిందా? ఏదీ, అందరూ ఒకసారి అనండి. ఒక గొంతు తగ్గిందే. ఆ గోడవారగా చిన్నది నిద్రపోయినట్టుంది. వద్దులే, లేపకండి, పడుకోనివ్వండి. మనం మేలుకునే ఉన్నాంగా.

నీతి: మన కాపలా మనమే కాసుకోవాలి, అరిచి లేపేవాళ్ళని తరిమేస్తే, నెత్తురు తాగడానికి జోకొట్టేవాళ్ళే మన దగ్గర మిగులుతారు.